రైడింగ్ మోవర్‌లో నిప్పురవ్వ: ఇగ్నిషన్ లోపాలను పట్టుకునే పద్ధతి

రైడింగ్ మోవర్ అంటే సీటు మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే యంత్రం. చూడటానికి బుల్లి ట్రాక్టరులా ఉంటుంది. అమెరికాలో అర ఎకరమో, ఎకరమో పచ్చిక ఉన్న ఇళ్లలో ఇది మామూలు సామానే. వసంతం నుంచి శరదృతువు దాకా వారానికోసారి బయటికి వస్తుంది. చలికాలమంతా షెడ్డులో ఉండిపోతుంది. మళ్లీ బయటికి తీసిన రోజున తాళం తిప్పితే స్టార్టర్ చక్కగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అంటుకోదు. శివారు ఇళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ అనుభవం కొత్తది కాదు.

పెట్రోలు ఇంజన్ నడవాలంటే మూడు అమరాలి: గాలితో సరైన పాళ్లలో కలిసిన ఇంధనం, సిలిండర్‌లో తగినంత ఒత్తిడి, సరిగ్గా అదను చూసి పడే నిప్పురవ్వ. ఈ మూడోది తప్పినప్పుడు లోపం ఎక్కడుందో తేల్చుకోవడమే ఇగ్నిషన్ నిర్ధారణ. ఈ ఇంజన్లలో చాలావాటికి నిప్పురవ్వ పుట్టించడానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం, సీటు, బ్రేకు, బ్లేడు స్విచ్చులన్నీ ఆ నిప్పును ఆపడానికి ఉన్నవే. అందువల్ల మెకానిక్ తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఇది: నిప్పు పుట్టడం లేదా, పుట్టనివ్వడం లేదా?

పాయింట్ల నుంచి ట్రాన్సిస్టర్ దాకా

అయస్కాంతం కదలిక నుంచి నిప్పురవ్వ పుట్టించే పరికరమే మ్యాగ్నెటో. జర్మనీలో రాబర్ట్ బాష్ 1887లో ఒక స్థిర ఇంజన్ కోసం మ్యాగ్నెటోను తయారుచేశాడు. ఆయన దగ్గర పనిచేసిన గాట్‌లాబ్ హోనాల్డ్ 1902లో స్పార్క్ ప్లగ్గుతో జతపడే అధిక వోల్టేజి మ్యాగ్నెటోను సిద్ధం చేశాడు. మోటారు వాహనాలు తర్వాత బ్యాటరీ ఇగ్నిషన్ వైపు మళ్లాయి. పచ్చిక కోసే చిన్న ఇంజన్లు మాత్రం మ్యాగ్నెటోనే అంటిపెట్టుకున్నాయి.

మినహాయింపులూ ఉన్నాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో తెచ్చిన కబ్ క్యాడెట్, జాన్ డీర్ 1963లో తెచ్చిన 110 మోడల్ తోట ట్రాక్టర్ల చరిత్రలో పేరున్నవి. ఆ తరం తోట ట్రాక్టర్లలో విరివిగా కనిపించే కోలర్ కె-సిరీస్ ఇంజన్లలో చాలావాటికి 12 వోల్టుల బ్యాటరీ, విడి కాయిల్, కరెంటు దారిని కలుపుతూ తెంచే కాంటాక్ట్ పాయింట్లు ఉంటాయి. అలాంటి పాత బండి ఇప్పుడు ఎవరి చేతికైనా వస్తే దాన్ని పరీక్షించే తీరు వేరు. పాయింట్ల ముఖాలు కాలి గుంటలు పడ్డాయా, వాటి మధ్య సందు 0.020 అంగుళాలు, అంటే సుమారు అర మిల్లీమీటరు ఉందా, కండెన్సర్ బాగుందా, తాళం తిప్పినప్పుడు కాయిల్‌కు 12 వోల్టులు అందుతున్నాయా అన్నవి అక్కడ చూడాలి.

మలుపు 1980ల్లో వచ్చింది. మిల్వాకీకి చెందిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 1982లో మ్యాగ్నెట్రాన్ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌ను ప్రవేశపెట్టి పాయింట్లకూ కండెన్సర్‌కూ సెలవిచ్చింది. కాయిల్‌లోనే అమర్చిన ట్రాన్సిస్టర్ ఆ పని చేస్తుంది. బజాజ్ చేతక్ స్కూటర్ పాయింట్లను ఎమెరీ కాగితంతో రుద్ది, ప్లగ్గు తుడిచి, కిక్కు కొట్టి పెరిగిన తరానికి ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. ఆ స్కూటర్‌లో తిరిగే అయస్కాంతాల చక్రమే ఇక్కడా ఉంది, అరిగిపోయే పాయింట్లు మాత్రం లేవు.

నిప్పు ఎలా పుడుతుంది?

ఇంజన్ మీద ఉన్న బరువైన ఫ్లైవీల్ అంచులో అయస్కాంతాలు బిగించి ఉంటాయి. చక్రానికి పక్కనే, వెంట్రుకవాసి దూరంలో, పలుచని ఇనుప రేకుల దొంతర మీద చుట్టిన కాయిల్ ఉంటుంది. అందులో చుట్లు రెండు రకాలు. ప్రైమరీలో మందపాటి తీగ, తక్కువ చుట్లు. సెకండరీలో సన్నని తీగ, వేల చుట్లు. అయస్కాంతం దూసుకుపోయినప్పుడు ప్రైమరీలో కరెంటు పుడుతుంది. అది బాగా పెరిగిన క్షణంలో ట్రాన్సిస్టర్ ఆ దారిని తెంచేస్తుంది. అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోయి, సెకండరీలో పది వేల వోల్టులకు పైగా ఒత్తిడి లేస్తుంది. అది ప్లగ్గు కొసన ఉన్న సందును దాటుతూ నిప్పురవ్వ అవుతుంది.

మోవర్ ఇంజన్ నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 60 చుట్లు. ప్రతి చుట్టుకూ ఒక రవ్వ పడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు రెండు చుట్లకోసారి రవ్వ చాలు కాబట్టి, సగం రవ్వలు పొగ బయటికి పోయే వేళ పడి వృథా అవుతాయి. దానివల్ల నష్టమేమీ లేదు, అమరిక సులువవుతుంది.

ఇక ఆపడం. ప్రైమరీ నుంచి ఒక సన్నని తీగ బయటికి వస్తుంది. దాన్ని కిల్ వైరు అంటారు. దాని కొస ఇంజన్ లోహానికి తగిలితే, అంటే ఎర్త్ అయితే, ట్రాన్సిస్టర్ తెంచడానికి ఏమీ మిగలదు, నిప్పు ఆగిపోతుంది. తాళాన్ని ఆఫ్‌కు తిప్పినప్పుడు లోపల జరిగేది ఈ ఎర్తింగే. ఇంటి లైటు స్విచ్చు దారిని తెంచి దీపం ఆర్పుతుంది, మోవర్ స్విచ్చు దారిని కలిపి ఇంజన్ ఆపుతుంది. ఈ తలకిందుల తర్కం బుర్రకెక్కితే తక్కిన నిర్ధారణ అంతా దాన్నుంచే వస్తుంది.

ముందుగా లక్షణాలు

తాళం తిప్పితే టక్కుమన్న శబ్దమే వచ్చి స్టార్టర్ తిరగకపోతే అది ఇగ్నిషన్ లోపం కాదు. బ్యాటరీ, దాని తీగలు, సోలినాయిడ్, స్టార్టర్ వైపు చూడాలి. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. స్టార్టర్ నత్తనడకన తిరిగితే మాత్రం ఇగ్నిషన్‌కూ సంబంధం ఉంది. మ్యాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేకపోయినా వేగం కావాలి. నిమిషానికి సుమారు 350 చుట్లకన్నా నెమ్మదిగా తిరిగితే మంచి కాయిల్ కూడా సరైన రవ్వ ఇవ్వలేదు. నీరసపడిన బ్యాటరీని చూసుకోకుండా కాయిల్ మార్చేసిన వాళ్లు ఎందరో.

ఇంధన లోపాలు కూడా ఇగ్నిషన్ వేషంలో వస్తాయి. చాలా మోవర్లలో కార్బురేటర్ గిన్నె అడుగున పెట్రోలును ఆపే చిన్న సోలినాయిడ్ ఉంటుంది. తాళాన్ని ఆన్‌కు తిప్పగానే అక్కడ చిన్న క్లిక్ వినబడాలి. వినబడకపోతే నిప్పు ఎంత బలంగా ఉన్నా ఇంజన్ అంటుకోదు. చలికాలమంతా ట్యాంకులో నిలవున్న పాత పెట్రోలుదీ ఇదే నాటకం.

ప్లగ్గు చెప్పే కబుర్లు

మొదట తీయాల్సింది ప్లగ్గు. దాని కొస చూస్తే సిలిండర్ ఆరోగ్యం తెలుస్తుంది. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే అంతా బాగున్నట్టే. పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం వస్తోంది, నిప్పు రావడం లేదనుకోవచ్చు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు పాళ్లు ఎక్కువయ్యాయి, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. జిడ్డుగా నల్లబడితే ఇంజనాయిలు పైకి ఎక్కుతోంది. తెల్లగా కాలినట్టుంటే మిశ్రమంలో గాలి ఎక్కువై వేడెక్కుతోంది.

ఈ తరహా ఇంజన్లలో ఎక్కువవాటికి ప్లగ్గు సందు 0.030 అంగుళాలు, అంటే 0.76 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజితో కొలవాలి. పింగాణీకి సన్నని పగులున్నా కరెంటు అక్కడినుంచే జారిపోతుంది. ప్లగ్గు చవక కాబట్టి అనుమానమున్నప్పుడు కొత్తది వేసి ముందుకు పోవడమే మేలు.

టెస్టర్‌తో తొలి తీర్పు

ప్లగ్గును తీగకు తగిలించి, ఇంజన్ లోహానికి ఆనించి, స్టార్టర్ తిప్పి చూసే పాత అలవాటు రెండు కారణాల వల్ల మంచిది కాదు. ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్మే పెట్రోలు ఆవిరి అక్కడే అంటుకోవచ్చు. పైగా బయటి గాలిలో 0.030 అంగుళాల సందును బలహీనమైన కాయిల్ కూడా దాటించగలదు. సిలిండర్‌లోని ఒత్తిడిలో అదే సందు దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి.

అందుకే స్పార్క్ టెస్టర్ వాడతారు. గాజు కిటికీలోంచి రవ్వ కనబడే చిన్న పరికరం ఇది. దాని సందు ప్లగ్గు సందుకు ఐదారు రెట్లు ఉంటుంది. బ్రిగ్స్ టెస్టర్‌లో అది 0.166 అంగుళాలు, అంటే 4.2 మిల్లీమీటర్లు. ప్లగ్గును దాని చోటే ఉంచి, తీగను టెస్టర్‌కు తగిలించి, టెస్టర్ రెండో కొసను సిలిండర్ రెక్కకు పట్టించి స్టార్టర్ తిప్పాలి. రవ్వ ఆ సందును టపటపా క్రమం తప్పకుండా దాటితే కాయిల్, తీగలు, స్విచ్చులు నిర్దోషులు. వెతుకులాట ప్లగ్గుకూ, టైమింగుకూ, ఇంధనానికీ మారాలి.

ఈ పరీక్ష చేసేటప్పుడు సీటు మీద ఎవరైనా కూర్చోవాలి, బ్రేకు తొక్కి ఉంచాలి, బ్లేడు స్విచ్చు ఆఫ్‌లో ఉండాలి. ఈ సంగతి మరిచి, ఖాళీ సీటుతో పరీక్షించి, నిప్పు లేదని తేల్చేయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

కిల్ వైరు విప్పడం

టెస్టర్‌లో రవ్వ కనబడకపోతే అసలు ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్ష ఇదే. ఇంజన్ పైన ఉన్న గాలి కవచం బోల్టులు విప్పి పక్కన పెట్టాలి. చలికాలంలో ఎలుకలు దాని కింద గూడు కట్టి, ఎండుగడ్డి కుక్కి, తీగల తొడుగు కొరికి ఉండటం తరచూ కనిపిస్తుంది. కాయిల్ పక్కన చిన్న రేకు కొసకు తగిలించిన సన్నని తీగే కిల్ వైరు. దాన్ని లాగి, ఏ లోహానికీ తగలకుండా పక్కకు వంచి, మళ్లీ టెస్టర్‌తో చూడాలి.

రవ్వ వస్తే కాయిల్ బాగుంది. నిప్పు పుడుతోంది, దాన్ని ఎవరో పుట్టనివ్వడం లేదు. నిందితులు తాళం స్విచ్చు, భద్రతా స్విచ్చులు, వాటిని కలిపే తీగలు. అప్పటికీ రవ్వ రాకపోతే కాయిల్, దాని సందు, ఫ్లైవీల్ అయస్కాంతాలు విచారణకు రావాలి.

ఇక్కడ రెండు హెచ్చరికలు. కిల్ వైరు విప్పి ఉండగా ఇంజన్ అంటుకుంటే తాళంతో ఆగదు. పెట్రోలు మూసో, చోక్ లాగో ఆపాలి. అందుకే ఈ స్థితిలో బండిని కదిలించకూడదు, బ్లేడును తిప్పకూడదు. రెండోది, ఆ తీగ కొసకు పొరపాటున కూడా 12 వోల్టులు ఇవ్వకూడదు. లోపలి ట్రాన్సిస్టర్ క్షణంలో కాలిపోతుంది. తాళం స్విచ్చు మార్చినప్పుడు వెనకున్న తీగలు తప్పు కొసలకు తగిలితే జరిగేది ఇదే. కొత్త స్విచ్చు కొనేటప్పుడు ఆకారం ఒకటే అయితే చాలదు, వెనక కొసల మీది అక్షరాలు కూడా పాతదానితో సరిపోవాలి.

కాపలా స్విచ్చులు

రైడింగ్ మోవర్ బ్లేడు మనిషి కాలును క్షణంలో తుంచగలదు. అందుకే తయారీదారులు స్విచ్చుల కాపలా పెట్టారు. బ్లేడు తిరుగుతుండగా మనిషి సీటు వదిలితే సీటు స్విచ్చు కిల్ వైరును ఎర్త్ చేసి ఇంజన్ ఆపేస్తుంది. బ్రేకు స్విచ్చు, బ్లేడు స్విచ్చు, కొన్ని మోడళ్లలో రివర్స్ స్విచ్చు కూడా ఈ గొలుసులో భాగమే.

సీటు కింద ఉండే కనెక్టర్‌కు నీళ్లు, గడ్డిపొడి, కంపనం మూడూ శత్రువులే. ఎగుడుదిగుడు నేల మీద మోవర్ ఎగిరినప్పుడల్లా ఇంజన్ క్షణం ఆగి మళ్లీ అందుకుంటుంటే సీటు స్విచ్చునే ముందు అనుమానించాలి. బ్లేడు వేయగానే ఇంజన్ ఆగిపోతుంటే కూడా అదే మొదటి అనుమానితుడు. కిల్ వైరును కాయిల్ దగ్గర విప్పి, మల్టీమీటర్‌ను కంటిన్యూటీకి పెట్టి, ఒక కొస ఆ తీగకు, మరో కొస ఇంజన్ లోహానికి పట్టించాలి. తాళం ఆన్‌లో, మనిషి సీటులో ఉన్నప్పుడు మీటర్ మూగగా ఉండాలి. కూత పెడితే ఎక్కడో అక్రమంగా ఎర్త్ అవుతోందన్నమాట. ఒక్కో స్విచ్చు కనెక్టర్ విప్పుతూ పోతే ఎక్కడ కూత ఆగిందో అక్కడ దొంగ దొరుకుతాడు.

కొన్ని స్విచ్చులు విప్పినప్పుడు ఎర్త్ అయ్యేలా కట్టి ఉంటాయి కాబట్టి, ఆ మోడల్ తీగల పటం దగ్గర ఉంచుకుంటే పొరపాటు పడరు.

విజిటింగ్ కార్డు మందం

కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య సందు చాలా ఇంజన్లలో 0.010 అంగుళాలు, అంటే పావు మిల్లీమీటరు. ఎక్కువైతే రవ్వ బలహీనపడుతుంది, మరీ తక్కువైతే చక్రం కాయిల్‌ను రాసుకుంటుంది. తుప్పు పట్టినా బలం తగ్గుతుంది. అయస్కాంతం ముఖాన్ని, కాయిల్ కాళ్లను ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్దితే చాలు.

సందు సరిచేయడానికి మెకానిక్కులు విజిటింగ్ కార్డు వాడతారు. కాయిల్ రెండు స్క్రూలు వదులు చేసి, దాన్ని చక్రానికి దూరంగా జరిపి, ఒక స్క్రూ బిగిస్తారు. చక్రాన్ని చేత్తో తిప్పి అయస్కాంతాన్ని కాయిల్ కిందికి తెస్తారు. మధ్యలో కార్డు పెట్టి స్క్రూ వదలగానే అయస్కాంతం కాయిల్‌ను టక్కున లాక్కుంటుంది. అలాగే రెండు స్క్రూలూ బిగించి, చక్రం తిప్పితే కార్డు దానంతటదే బయటికి వస్తుంది. ఖచ్చితమైన కొలత ఇంజన్ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఆ సంఖ్యకు తగిన ఫీలర్ గేజి దొరికితే కార్డుకన్నా అదే నయం.

వేడెక్కితే ఆగే ఇంజన్

కొన్ని కాయిళ్లు చల్లగా ఉన్నప్పుడు చక్కగా పనిచేస్తాయి. ఇరవై, ముప్పై నిమిషాలు గడ్డి కోశాక ఇంజన్ ఠక్కున ఆగుతుంది. అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు అంటుకుంటుంది. వేడికి లోపలి సన్నని తీగ ఎక్కడో విడిపోవడం, చల్లారితే మళ్లీ కలవడం దీనికి కారణం. చల్లని కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే అన్నీ సరిగ్గానే కనబడతాయి. కాబట్టి ఓమ్‌ల లెక్క ఒక్కటే నమ్మి కాయిల్‌కు మంచి సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా ఇవే లక్షణాలు కనబడతాయి. తేడా తేల్చే సమయం ఇంజన్ ఆగిన తొలి నిమిషమే. వెంటనే టెస్టర్ పెట్టి చూడాలి. రవ్వ లేకపోతే కాయిల్. రవ్వ ఉంటే ట్యాంకు మూత వదులు చేసి మళ్లీ ప్రయత్నించాలి.

నిప్పు ఉంది, అదను తప్పింది

టెస్టర్‌లో రవ్వ బ్రహ్మాండంగా ఉంటుంది, ప్లగ్గు తడుస్తుంది, అయినా ఇంజన్ అంటుకోదు. స్టార్టర్‌కు ఎదురు తంతుంది, కార్బురేటర్‌లోంచి టపాసులా పేలుతుంది. అప్పుడు ఫ్లైవీల్ కింద ఉన్న చిన్న కీ గురించి ఆలోచించాలి. చక్రాన్ని క్రాంక్‌షాఫ్ట్ మీద సరైన కోణంలో నిలిపేది ఈ కీయే. బ్రిగ్స్ ఇంజన్లలో దీన్ని మెత్తని లోహంతో చేస్తారు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు కీ తెగి, ఖరీదైన షాఫ్ట్ మిగలాలన్నది ఉద్దేశం. రైడింగ్ మోవర్‌లో బ్లేడుకూ ఇంజన్‌కూ మధ్య బెల్టు ఉంటుంది కాబట్టి, బ్లేడు రాయికి తగిలినంత మాత్రాన కీ తెగడం అరుదు. ఫ్లైవీల్ నట్టు వదులైనప్పుడు ఎక్కువగా తెగుతుంది. కీ కొద్దిగా జరిగినా టైమింగ్ చెడుతుంది. చక్రం తీయడానికి పుల్లర్ వాడాలి. షాఫ్ట్ కొసన సుత్తితో బాదితే బాగున్న మరలు కూడా పాడవుతాయి.

రెండు సిలిండర్లు, రెండు కాయిళ్లు

పెద్ద మోవర్లలో వీ-ట్విన్ ఇంజన్లు ఉంటాయి. సిలిండర్‌కొక కాయిల్. ఒకటి పోయినా ఇంజన్ రెండోదాని మీద నడుస్తూనే ఉంటుంది. బలం సగానికి పడిపోతుంది, వణుకుతుంది, సైలెన్సర్‌లోంచి కాలని పెట్రోలు వాసన వస్తుంది. రెండు కాయిళ్లూ ఒకే రకమైతే వాటిని అటుదిటు మార్చి చూడటం తిరుగులేని పరీక్ష. లోపం కాయిల్‌తో పాటు జరిగితే దోషి కాయిలే, సిలిండర్ దగ్గరే ఉండిపోతే కారణం వేరు. బిగించేటప్పుడు ఏ ముఖం సిలిండర్ వైపు ఉండాలో చూసుకోవాలి.

ఈ ఇంజన్లలో చాలావాటికి రెండు కిల్ వైర్లు డయోడ్ల ద్వారా కలుస్తాయి. ఒక కాయిల్ కరెంటు రెండోదానిలోకి పోకుండా అడ్డుకునే ఏకముఖ ద్వారాలివి. డయోడ్ షార్టయితే ఒక సిలిండర్ మొరాయించవచ్చు. తెగిపోతే తాళం తీసినా ఇంజన్ ఒక సిలిండర్ మీద తిరుగుతూనే ఉంటుంది. కోలర్ కమాండ్ శ్రేణిలో కొన్నింటికి టైమింగును వేగాన్ని బట్టి మార్చే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంది. దానికి బ్యాటరీ కరెంటు కావాలి కాబట్టి బ్యాటరీ అక్కర్లేదన్న సూత్రం అక్కడ వర్తించదు.

ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో రైడింగ్ మోవర్ కనబడటం అరుదు. కానీ పొలాల్లో వాడే పెట్రోలు బ్రష్ కట్టర్, పవర్ స్ప్రేయర్ ఇంజన్లలోనూ అయస్కాంతాల చక్రం, దాని పక్కన కాయిల్, ఎర్త్ చేసి ఆపే స్విచ్చు ఉంటాయి. ప్లగ్గులో కరెంటు రావట్లేదంటూ కొత్త కాయిల్ కొనడానికి బయలుదేరే ముందు స్విచ్చు తీగ ఒక్కటి విప్పి చూడటం అక్కడా అంతే ఉపయోగకరం.

మరమ్మతు తర్వాత

పరీక్ష ఏదైనా బండిని సమతలం మీద, ఆరుబయట నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి చేయాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బ్లేడు దగ్గర చేయి పెట్టే ముందు ప్లగ్గు తీగలు విప్పి దూరంగా పెట్టాలి.

లోపం సీటు స్విచ్చులో తేలినప్పుడు, దాన్ని దాటవేసేలా తీగలు మార్చి పని కానిచ్చేయడం చాలామందికి తేలికగా తోస్తుంది. ఇంజన్ అంటుకుంటుంది కూడా. కానీ అలా చేస్తే, మనిషి కిందపడినా బ్లేడు తిరుగుతూనే ఉండే యంత్రం తయారవుతుంది. వాలు నేల మీద మోవర్ బోల్తా పడినప్పుడు, పిల్లలు పరుగెత్తుకొచ్చినప్పుడు కాపాడేది ఆ స్విచ్చే. పరీక్ష కోసం విప్పిన ప్రతి తీగనూ తిరిగి తగిలించండి, పాడైన స్విచ్చును కొత్తదానితో మార్చండి. తర్వాత బ్లేడు వేసి, బండిని కదిలించకుండా, పాదాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉంచి సీటు మీంచి కొద్దిగా పైకి లేవండి. ఇంజన్ వెంటనే ఆగితేనే మరమ్మతు పూర్తయినట్టు.